ముందు వేళ, ఆ తరువాతే రంగు: విశాఖ పర్యాటక పోస్టరుకు వర్ణాల ఎంపిక

మీ ప్రశ్న, దానితో పాటు పెట్టిన చిత్తు నమూనా రెండూ చూశాను. విశాఖపట్నం మీద ఏ3 పరిమాణంలో ఒక పర్యాటక పోస్టరు చేస్తున్నారు. ఆర్కే బీచ్, కురుసుర జలాంతర్గామి, కైలాసగిరి మీది శివపార్వతులు, సింహాచలం గోపురం, అరకు రైలు అన్నీ అందులో ఉన్నాయి. లెక్కపెడితే 11 రంగులు తేలాయి. ఒక్కో రంగు విడిగా బాగుందనీ, అన్నీ కలిసేసరికి కూడలిలో కట్టిన ఫ్లెక్సీలా తయారైందనీ రాశారు. ఏ రంగుల పథకం ఎంచుకోవాలో, ఎవరి పనినీ అనుకరించకుండా సొంత పోస్టరు ఎలా చేయాలో చెప్పమన్నారు. నేను ఈ ఊళ్లో 22 ఏళ్లుగా పోస్టర్లు వేస్తున్నాను. అందులో మొదటి ఎనిమిదేళ్లు స్క్రీన్ ప్రింటింగ్ (ఒక్కో రంగును ఒక్కో వల తెరలోంచి కాగితం మీదికి దించే ముద్రణ) బల్ల దగ్గరే గడిచాయి. సిరా చేతికి అంటించుకుని నేర్చుకున్న సంగతులు కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

రంగుల చక్రం (రంగులన్నిటినీ వరుసగా గుండ్రంగా పేర్చిన పటం) దగ్గరికి వెళ్లకముందు వెలుగు గురించి చెప్పాలి. మీ చిత్రంలో జలాంతర్గామి మీద మిట్టమధ్యాహ్నపు ఎండ ఉంది. గోపురం మీద సాయంత్రపు పసుపు ఉంది. అరకు కొండల మీద శీతకాలపు పొద్దుటి మంచు ఉంది. మూడు వేర్వేరు వేళల్లో పుట్టిన రంగులను ఒకే కాగితం మీద కూర్చోబెట్టారు. అవి పొసగకపోవడానికి అసలు కారణం అదే. ఎంత మంచి పథకం తెచ్చినా వాటిని కలపలేదు. ఒక చోటు తేల్చుకోండి, ఆ చోటికి ఒక వేళ తేల్చుకోండి. సగం రంగులు వాటంతట అవే తప్పుకుంటాయి. మిగిలిన సగంలోంచి ఎంచుకోవడానికే పథకం పనికొస్తుంది. నేను గట్టిగా నమ్మేది ఈ ఒక్కటే. కింద రాసేదంతా దానికి వివరణ.

మీ నమూనాలో ఇంకో సంగతి నన్ను బాగా ఇబ్బంది పెట్టింది. ఎర్రని సూర్యబింబం సముద్రంలో మునుగుతున్నట్టు వేశారు. మనది తూర్పు తీరం. ఇక్కడ సూర్యుడు సముద్రంలోంచి పైకి వస్తాడు, కొండల వెనక దిగుతాడు. సముద్రంలో అస్తమించే సూర్యుడు గోవా పోస్టర్లలోంచి, కేరళ పోస్టర్లలోంచి మన కంటికి అలవాటై చేతిలోకి వచ్చేశాడు. మీరు దాన్ని కావాలని అనుకరించి ఉండరు. అయినా అనుకరణ అలాగే జరుగుతుంది. అదే బింబాన్ని ఉదయిస్తున్నట్టు వేస్తే సరిపోతుందా అంటే, పూర్తిగా సరిపోదు. ఉదయపు రంగులు వేరు. తీరంలో తేమ ఎక్కువ కాబట్టి తెల్లవారుజామున నీటికీ ఆకాశానికీ మధ్య గీత స్పష్టంగా తెగదు. నీలం బూడిదలోకి, బూడిద లేత కనకాంబరంలోకి మెల్లగా జారుతుంది. ఆర్కే బీచ్‌లో నిలబడి దక్షిణంగా చూస్తే డాల్ఫిన్స్ నోస్ కొండ ఒకే ఒక ముదురు ముద్దలా కనిపిస్తుంది. దాని మీద చెట్లూ రాళ్లూ ఏవీ విడిగా తెలియవు. పోస్టరుకు అంతకంటే మంచి ఆకారం దొరకదు. జూన్‌లో అయితే ఇదంతా ఐదున్నర లోపే జరిగిపోతుంది, అలారం పెట్టుకుని వెళ్లండి.

సాయంత్రమే కావాలంటే అదీ ఉంది, కానీ చాలామంది చూడని చోట ఉంది. సూర్యుడు కొండల వెనక దిగిన కొద్ది నిమిషాలకు, ఆకాశం నిర్మలంగా ఉన్న రోజు, సముద్రం వైపు తిరిగి చూడండి. నీటి అంచున ముదురు నీలం కలిసిన బూడిద పట్టీ ఒకటి లేస్తుంది. దాని పైన లేత గులాబీ పట్టీ ఉంటుంది. ఆ కింది పట్టీ భూమి నీడ, వాతావరణం మీద పడినది. చూస్తుండగానే పైకి జరుగుతుంది, కాసేపటికి రాత్రిలో కలిసిపోతుంది. బూడిద నీలం, దాని మీద గులాబీ, కింద సీసం రంగు సముద్రం, నురుగు దగ్గర ఒక తెల్లని గీత. విశాఖ సాయంత్రం అంటే నాకు ఈ నాలుగే. ఈ నాలుగు రంగులతో వేసిన బీచ్ పోస్టరును నేను ఇంతవరకు చూడలేదు. మీరు వేస్తే ఎంతో సంతోషిస్తాను.

వేళ అంటే ఎంత బలమో ఒక పాత ఉదాహరణ చెబుతుంది. 1908లో ఎమిల్ కార్డినో అనే స్విస్ చిత్రకారుడు జెర్మాట్ ఊరి కోసం ఒక పోస్టరు వేశాడు. అందులో హోటలు లేదు, రైలు లేదు, మనుషులు లేరు. మాటర్‌హార్న్ శిఖరం, దాని మీద పడిన ఎండ, కింద ముదురు నీడ, ఊరి పేరు, అంతే. ఆ పోస్టరు ఇప్పటికీ పర్యాటక పోస్టర్ల చరిత్రలో మొదటి వరుసలో నిలుస్తుంది. అప్పట్లో రాతి ముద్రణ ఉండేది, ఒక్కో రంగుకు ఒక్కో రాయి. రంగు పెరిగితే రాయి పెరిగేది, ఖర్చు పెరిగేది. ఆ కాలపు పోస్టర్లలో కనిపించే వెడల్పైన చదును రంగులు, గట్టి ఆకారాలు చాలావరకు ఆ పొదుపులోంచే వచ్చాయి. ఇప్పుడు కంప్యూటర్‌లో రంగు ఉచితం. అందుకే మనంతట మనమే హద్దు గీసుకోవాలి. మీకు నేను గీసే హద్దు: కాగితం రంగు కాకుండా నాలుగు సిరాలు. ఐదోది కావాలనిపిస్తే ఉన్నవాటిలో ఒకదాన్ని తీసేయండి.

ఇప్పుడు రంగులు ఎక్కడినుంచి తెచ్చుకోవాలి. ఇంటర్నెట్‌లో తయారుగా దొరికే రంగుల పట్టీలను ముట్టుకోకండి. వాటిని మీతోపాటు వేలమంది వాడుతున్నారు. ఫోను ఫొటోలోంచి రంగు తీయడం కూడా నాకు ఇష్టం ఉండదు. ఈనాటి ఫోన్లు ఆకాశాన్ని మరింత నీలంగా, ఆకును మరింత పచ్చగా మార్చి చూపిస్తాయి. పెయింట్ల కొట్టుకు వెళ్లి షేడ్ కార్డు, అంటే రంగుల నమూనాల అట్ట, ఒకటి అడిగి తెచ్చుకోండి. దాన్ని తీసుకుని ఎంచుకున్న చోటికి, ఎంచుకున్న వేళకు వెళ్లండి. చేయి చాచి కార్డును కొండకూ ఇసుకకూ నీటికీ ఎదురుగా పట్టుకుని, ఒక కన్ను మూసి, దేనికి ఏది దగ్గరగా ఉందో చూసి పెన్సిలుతో గుర్తు పెట్టండి. కార్డు మీద ఎండ పడితే ఒకలా, నీడ పడితే ఒకలా కనిపిస్తుంది, అందుకే ప్రతిసారీ ఒకే తీరులో పట్టుకోవాలి. మొదటిసారి చేసినప్పుడు చాలా ఆశ్చర్యపోతారు. మనం పసుపు అనుకునే ఇసుక నిజానికి తడి గంధానికీ బూడిదకూ మధ్య ఎక్కడో ఉంటుంది. విశాఖ నుంచి భీమిలి దాకా ఒడ్డున అలలు వదిలి వెళ్లిన నల్లని చారలు, ఊదా కలిసిన ఎర్రని చారలు కనిపిస్తాయి. నల్లనిది ఎక్కువగా ఇల్మనైట్, ఎర్రనిది గార్నెట్. తూర్పు కనుమల రాయి అరిగి నదుల్లో, వాగుల్లో కొట్టుకొచ్చిన బరువైన ఖనిజాలవి. కైలాసగిరి కింద అలలు తాకే రాళ్లు కూడా ఆ రాయే, ఖొండలైట్. వాటి రంగు తుప్పుకూ బెల్లానికీ మధ్య ఉంటుంది. వర్షాకాలంలో ఒడ్డు నీళ్లు మట్టి కలిసి గోధుమ రంగుకు తిరుగుతాయి. ఇవేవీ తయారుగా దొరికే పట్టీల్లో ఉండవు. మీ పోస్టరుకు సొంతదనం ఇక్కడే మొదలవుతుంది.

అలా గుర్తు పెట్టుకున్న రంగులు పది పన్నెండు అవుతాయి. వాటిలోంచి నాలుగు తీయడానికి ఇప్పుడు పథకం కావాలి. చీర ఎంచుకోవడం తెలిసినవారికి ఇది కొత్త విద్య కాదు. ఒళ్లంతా ఒక రంగు, అంచు ఇంకొకటి, కొంగులో మెరిసేది మరొకటి. డిజైన్ తరగతుల్లో 60, 30, 10 పాళ్లు అని చెప్పేది దీన్నే. మీ నమూనాలో అన్ని రంగులూ తలా ఒక చెయ్యి వెడల్పు తీసుకున్నాయి, ఏది ఒళ్లు, ఏది అంచు అన్నది తెలియడం లేదు. ఒకే రంగు ముదురు లేత ఛాయల్లో నడిస్తే అది ఏకవర్ణ పథకం. తెల్లవారుజాము డాల్ఫిన్స్ నోస్‌కు అది చాలు, పైన ఒక్క చుక్క కనకాంబరం పెట్టండి. చక్రం మీద ఇరుగుపొరుగు రంగులు తీసుకుంటే చూపు ఒకదాని మీది నుంచి ఇంకొకదాని మీదికి తడబడకుండా నడుస్తుంది. శీతకాలంలో అరకు లోయలో పూసే వలిసె పూల చేలు ఇందుకు చక్కని ఉదాహరణ. పసుపుపచ్చ చేను, దాని వెనక ఆకుపచ్చ కొండ. మన భాష ఈ రెంటినీ పచ్చ అనే మాటలోనే ఇమిడ్చింది, ఆ మాట పెట్టినవారికి అవి ఇరుగుపొరుగు అని తెలిసే ఉండాలి. చక్రం మీద ఎదురెదురుగా ఉండే ఎదురు రంగులు, అంటే ఎర్ర ఒంటికి ఆకుపచ్చ అంచు లాంటివి, అన్నిటికంటే బలమైనవి, అన్నిటికంటే త్వరగా చెడేవి కూడా. వాటి సంగతి కొంచెం నిదానంగా చెప్పాలి.

అంతకంటే ముందు ఒక పరీక్ష. మీ నమూనాను నలుపు తెలుపులోకి మార్చి చూశాను. సముద్రం, కొండ, గోపురం మూడూ ఒకే బూడిద రంగులోకి వచ్చాయి. రంగుకు పేరు ఉంటుంది, బరువు ఉంటుంది. ఎరుపు, నీలం అనేవి పేర్లు. ఎంత ముదురు, ఎంత లేత అన్నది బరువు. దూరం నుంచి చూసినప్పుడు ముందు అందేది బరువే, పేరు తరువాత అందుతుంది. బస్సు స్టాండు గోడ మీద పది అడుగుల దూరం నుంచి చూసినా, ఫోనులో బొటనవేలి గోరంత చూసినా సంగతి అంతే. కాబట్టి రంగు ముట్టుకోకముందే నాలుగు బూడిద ఛాయలతో పోస్టరు మొత్తం వేయండి. తెలుపు, లేత, ముదురు, నలుపు. అందులో కొండ కొండలా, నీరు నీరులా కనిపించిన తరువాతే ఒక్కో ఛాయ స్థానంలో అంతే బరువున్న రంగు పెట్టండి. పసుపును ఎంత చిక్కగా వేసినా నీలమంత బరువు రాదు. అందుకే పసుపును ఎప్పుడూ లేత స్థానంలోనే పెట్టాలి. ఎరుపు ఆకుపచ్చల తేడా కంటికి తెలియని మనుషులు ఉంటారు. బరువు సరిగా ఉంటే మీ పోస్టరు వారికి కూడా అందుతుంది.

ఇప్పుడు ఎదురు రంగుల సంగతి, నా సొంత అనుభవంతోనే చెబుతాను. చాలా ఏళ్ల కింద ఎర్రమట్టి దిబ్బల మీద ఒక పోస్టరు వేశాను. నగరం నుంచి భీమిలి వెళ్లే దారిలో, సముద్రానికి దగ్గరగా ఉన్న ఆ దిబ్బలు మీరు చూసే ఉంటారు. ఇసుక రేణువుల మీద ఇనుప ఆక్సైడు పూతలా పట్టడం వల్ల ఆ ఎరుపు వచ్చింది. వాన నీరు కోసిన గండ్లు, వాటి నిట్టనిలువు గోడలు, పైన తాటిచెట్లు. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ గుర్తించిన భూవారసత్వ స్థలం అది. నేను దానికి ఉన్నదాన్ని ఉన్నట్టు ఎర్రని ఎరుపు, చెట్లకు చిక్కని ఆకుపచ్చ, ఆకాశానికి మంచి నీలం వేశాను. నాలుగు స్క్రీన్లు చేయించి నూరు ప్రతులు తీశాను. గోడకు పెట్టి చూస్తే కళ్లు నొప్పి పుట్టాయి. ఎరుపు ఆకుపచ్చను తాకిన చోట అంచు వణుకుతున్నట్టు కనిపించింది. నలుపు తెలుపు ఫొటో తీస్తే చెట్టూ దిబ్బా ఒకే బూడిద. రెండు ఎదురు రంగులు ఒకే బరువుతో, ఒకే చిక్కదనంతో పక్కపక్కన నిలబడితే కంటికి ఎక్కడా ఆగే చోటు దొరకదు.

దీనికి కారణం నాకు తరువాత ఒక రసాయన శాస్త్రవేత్త కథలో దొరికింది. పారిస్‌లోని గోబెలిన్ తివాసీల కర్మాగారంలో రంగుల అద్దకం విభాగాన్ని మిషెల్ యూజీన్ షెవ్రల్ చూసేవాడు. అక్కడి నల్ల దారం సరిగా నల్లగా లేదని ఫిర్యాదులు వచ్చాయి. దారాన్ని పరీక్షిస్తే అద్దకంలో లోపం లేదు. పక్కన ఏ రంగు దారం ఉందో దాన్నిబట్టి నలుపు మారి కనిపిస్తోంది. ప్రతి రంగూ తన పక్కనున్న రంగును తనకు ఎదురు వైపుకు నెడుతుందని ఆయన తేల్చి, 1839లో ఆ పరిశీలనలన్నీ ప్రచురించాడు. నారింజ పక్కన పెట్టిన మామూలు బూడిద కాస్త నీలంగా కనిపిస్తుంది. నీలం పక్కన పెడితే అదే బూడిద నారింజ వైపు తిరుగుతుంది. కావాలంటే ఇప్పుడే ఒక ఇటుక ముక్క పక్కన సిమెంటు రంగు కాగితం పెట్టి కొంతసేపు చూడండి.

ఈ సంగతి తెలిశాక అదే దిబ్బల పోస్టరును మళ్లీ మొదలుపెట్టాను. సాయంత్రం నాలుగు గంటల వేళ ఎంచుకున్నాను. పడమటి ఎండ గండి గోడలకు అడ్డంగా తగులుతుంది, ఎండ పడిన వైపు ఇటుక రంగుకు మారుతుంది. నీడ పడిన వైపు షేడ్ కార్డు పట్టి చూస్తే నలుపు కాదు, గోధుమ కూడా కాదు, పండిన వంకాయ రంగు. ఎర్రమట్టి మీద నీలాకాశపు వెలుగు మాత్రమే పడుతోంది కాబట్టి అలా ఉంటుంది. ఆకాశం నిజంగా నీలంగానే ఉంది. కానీ నేను నీలం సిరా తీసేశాను, లేత బూడిద పెట్టాను. పోస్టరులో మూడొంతుల్లో రెండొంతులు ఇటుక రంగు ఆక్రమించింది కాబట్టి ఆ బూడిద తనంతట తానే నీలంగా కనిపించింది. చూసినవారు ఆకాశం నీలం ఎంత మెత్తగా ఉందో అన్నారు, ఆ ఆకాశంలో నీలం చుక్క కూడా లేదు.

వంకాయ రంగుకు విడిగా స్క్రీన్ చేయించలేదు. వెలుగు సోకే పారదర్శకమైన ముదురు బూడిద నీలం సిరా ఒకటి కలిపాను. అది ఇటుక రంగు మీద పడిన చోట వంకాయ రంగు వచ్చింది. ఆకాశపు బూడిద మీద పడిన చోట తాటిచెట్లు ముదురు ఛాయలో తేలాయి. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు నేసి నెమలికంఠం రంగు తెచ్చే నేతగాళ్ల పని కూడా ఇలాంటిదే కదా. మీగడ రంగు కాగితాన్ని ఎండ బాగా తగిలిన అంచుల దగ్గర ఖాళీగా వదిలేశాను. మూడు సిరాలు, మూడు స్క్రీన్లు. కాగితంతో కలిపి ఐదు ఛాయలు. ఆకుపచ్చ అసలే లేదు. అయినా ఆ చెట్లు పచ్చగా లేవని ఇంతవరకు ఎవరూ అనలేదు. మీరు కంప్యూటర్‌లో చేస్తున్నా ఇదే పద్ధతి వాడవచ్చు. పై పొరను మల్టిప్లై మోడ్‌లో పెడితే ఒక సిరా మీద ఇంకో సిరా పడినట్టే ఉంటుంది. బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్లు ఇంక్‌స్కేప్, క్రిటా రెండూ ఉచితం, రెండిటిలోనూ ఆ సౌకర్యం ఉంది. మీరు దిబ్బలనే ఎంచుకుంటే ఒక విన్నపం: గోడల మీదికి ఎక్కకండి, మట్టి తీయకండి. అది ఒకసారి జారితే మళ్లీ నిలబడే మట్టి కాదు.

మూడు రంగుల త్రికోణ పథకం, అంటే చక్రం మీద సమాన దూరంలో ఉన్న మూడు రంగులు, పోస్టరులో నిలబెట్టడం కష్టం. అది అందంగా ఒప్పే చోటు మన ఊళ్లో ఫిషింగ్ హార్బర్. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం. ఆ రోజుల్లో పడవలన్నీ జెట్టీ దగ్గర వరుసగా ఆగి ఉంటాయి. మరమ్మతులు, కొత్త రంగులు వేయడం అప్పుడే. ఎరుపు, నీలం, పసుపు ఏ మొహమాటం లేకుండా పక్కపక్కన ఉంటాయి, అయినా గొడవ పడవు. కారణం వెతికితే రెండు కనిపించాయి. ఒకటి, చుట్టూ ఉన్న నీరు, కాంక్రీటు, పాత చెక్క అన్నీ మసక రంగులే. రెండు, ఏ పడవనైనా తీసుకోండి, ఒడలు అంతా ఒకే రంగు, మిగతా రెండూ గీతలుగానే ఉంటాయి. రంగులు వేసేవారిని అడిగితే చెబుతారు, మర్యాదగా అడగండి, వారి పనికి అడ్డం రాకండి. బొర్రా గుహలకు మాత్రం పథకం వెతుక్కుంటూ వెళ్లవద్దు. అక్కడ కనిపించే ఎరుపు, ఆకుపచ్చ, నీలం దీపాలవి, సున్నపురాయివి కావు.

అనుకరణ గురించి అడిగారు. 1930ల్లో భారతీయ రైల్వేలు విదేశీ యాత్రికుల కోసం వేయించిన పోస్టర్లు ఇప్పుడు అందరూ చూస్తున్నారు. వాటి తీరులో మసకబారిన నారింజ, పాతబడిన మీగడ రంగు, చుట్టూ అంచు పెట్టి ఊరి పేరు మార్చి వదిలే పోస్టర్లు కుప్పలుగా వస్తున్నాయి. వాటినుంచి ఆకారాలను సరళంగా చేయడం నేర్చుకోండి. ఆ రంగులు మాత్రం తీసుకోకండి. వాటిలో కొన్ని అప్పటి చిత్రకారుడు ఎంచుకున్నవి, కొన్ని తొంభై ఏళ్లలో కాగితం పసుపెక్కడం వల్ల వచ్చినవి. కాగితం ముసలితనాన్ని మనం శైలి అనుకుంటున్నాం. ఫొటో ఆధారంగా గీస్తే ఆ ఫొటో మీరు తీసిందే అయి ఉండాలి. ఇంకొకరి ఫొటో మీద గీతలు దిద్ది రంగులు మార్చితే అది మీ పోస్టరు కాదు, చట్టం ముందు కూడా ఇబ్బందే.

ఇక అక్షరాలు. తెలుగు పేరుకు పోస్టరులో తగిన చోటు ఇవ్వాలని నేను పట్టుపడతాను. మీరు ఇంగ్లీషు పేరు పెద్దగా వేసి తెలుగును మూలన చిన్నగా పెట్టారు. దాన్ని తలకిందులు చేయండి. విశాఖపట్నం అని రాస్తే ట కింద న ఒత్తు దిగుతుంది. దాని కింద చోటు వదలాలి, లేకపోతే ఒత్తు అలలో మునిగిపోతుంది. విశాఖ అని రాస్తే కింద ఏ ఒత్తూ లేదు, నీటి గీత మీద చక్కగా కూర్చుంటుంది. భీమిలి, అరకు, యారాడ, సింహాచలం కూడా అలాంటివే. అక్షరానికి కొత్త రంగు తేవద్దు. మీ నాలుగింటిలో అన్నిటికంటే ముదురుదైనా వాడండి, కాగితం రంగునైనా వదిలేయండి. ముదురు నేల మీద అక్షరాన్ని తెల్లగా వదిలేటప్పుడు మన అక్షరాల లోపలి సున్నాలు, తలకట్ల సందులు సిరా పాకి పూడిపోతాయి. అందుకని కొంచెం లావు ఖతి (ఫాంట్), పెద్ద పరిమాణం తీసుకోవాలి. ఎర్రని నేల మీద నీలి అక్షరాలు మాత్రం ఎప్పటికీ వద్దు, దిబ్బల పోస్టరులో నాకు కళ్లు నొప్పి పెట్టిన కారణమే అక్కడా ఉంటుంది.

ముద్రణ దగ్గర ఒక దెబ్బ తిన్నాను, అది మీకు తగలకూడదు. కైలాసగిరి మీది నుంచి రాత్రి వేళ తీర రేఖను వేసిన పోస్టరు ఒకటి, తెరమీద సముద్రం నిండైన నీలం. నమూనా ప్రతి తీయించకుండా ఒక ముద్రణాలయంలో 300 ప్రతులకు ఆర్డరు ఇచ్చాను. సముద్రం మొత్తం ఊదా రంగులో వచ్చింది. వారు నేను ఇచ్చిన ఫైలునే ముద్రించారు, తప్పు నాది. తెరమీద రంగు వెలుగుతో ఏర్పడుతుంది, కాగితం మీద ముద్రణాలయపు నాలుగు సిరాలతో (సయాన్ అనే లేత నీలం, మెజెంటా అనే ముదురు గులాబీ, పసుపు, నలుపు) ఏర్పడుతుంది. సయాన్, మెజెంటా రెండూ నిండుగా పెడితే కాగితం మీద నీలం రాదు, ఊదా వస్తుంది. నీలం నీలంగా ఉండాలంటే మెజెంటా సయాన్ కంటే కనీసం 30 పాళ్లు తక్కువ ఉండాలి. నేను సాధారణంగా సయాన్ 100కు మెజెంటా 60 దగ్గర ఆపుతాను. తెరమీద మెరిసే కనకాంబరం, చిలకపచ్చ కూడా నాలుగు సిరాల ముద్రణలో మందగిస్తాయి. ఆ మెరుపు తప్పదనుకుంటే ఆ ఒక్క రంగుకు విడిగా కలిపిన సిరా అడగాలి, ఖర్చు పెరుగుతుంది. మీ పోస్టరు ఏ3 కాబట్టి 297 మిల్లీమీటర్ల వెడల్పు, 420 మిల్లీమీటర్ల ఎత్తు. అంగుళానికి 300 చుక్కల చొప్పున 3508, 4961 పిక్సెళ్లు. కోతకు నాలుగు వైపులా మూడేసి మిల్లీమీటర్లు అదనంగా ఉంచండి. చిన్న అక్షరాలకు నలుపు సిరా ఒక్కటే వాడండి. నాలుగు సిరాలూ కలిపి నలుపు చేస్తే అవి వెంట్రుకవాసి తప్పినా అక్షరం చుట్టూ రంగుల నీడ పడుతుంది.

నమూనా ప్రతిని ముద్రణాలయం ట్యూబులైటు కింద చూసి తల ఊపకండి. బయటకు తెచ్చి నీడలో పగటి వెలుగులో చూడండి, ఇంటికి తెచ్చి పసుపు బల్బు కింద చూడండి. బూడిదలు, వంకాయ రంగులు వెలుగును బట్టి చాలా మారతాయి. పోస్టరును ఏ గోడకు పెడతారో ఆ గోడ వెలుగే చివరి మాట.

మీ నమూనాలోని ఐదింటిలో నన్ను ఎంచుకోమంటే, జలాంతర్గామినే ఉంచుతాను. 2002 నుంచి బీచ్ రోడ్డున సందర్శకుల కోసం నిలిపి ఉంచిన ఆ పొడవాటి ముదురు ఒడలు మీ నలుపు స్థానాన్ని ఒక్కటే నింపుతుంది. దాని వెనక సాయంత్రపు బూడిద నీలం పట్టీ, ఆ పైన గులాబీ, కింద గంధం కలిసిన ఇసుక. నాలుగు సిరాలు సరిపోతాయి. సింహాచలం, అరకు, కైలాసగిరి మూడింటికీ విడివిడిగా మూడు పోస్టర్లు చేయండి, అవి అంత విలువైన చోట్లు. మీకు ఇంకా రెండు వారాల గడువు ఉందన్నారు కాబట్టి ఈ వారంలో రెండు సాయంత్రాలు ఒడ్డున షేడ్ కార్డుతో గడపండి. కొత్త చిత్తు తయారైనప్పుడు రంగుల ప్రతి పంపకండి. నాలుగు బూడిద ఛాయల ప్రతి ముందు పెట్టండి, అది చూసి మిగతాది మాట్లాడుకుందాం.